నలభై దగ్గర మొదలైన ఇంటర్నెట్

ఏమయ్యా, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. పెట్టలేవని తెలుసు, అయినా అడగాలి కదా. నీ వేళ్ల కింద ఆడే ఆ ఇంటర్నెట్ మా నార్వేలోకి ఎలా దిగిందో మొన్న టీవీలో చూపించారు. చూసి నమ్మినవాళ్లలో నువ్వూ ఉండే ఉంటావు. నీ మొహమే చెబుతోంది.

ఓస్లోకి అరగంట దూరంలో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో టోర్గెయిర్ అనే పెద్దాయన ఉంటాడు. యాభై ఏళ్ల కిందట అమెరికా నెట్‌వర్క్‌ను సముద్రం దాటించిన ప్రయోగశాలలో అతనూ, ఐవిన్ అనే స్నేహితుడూ మెకానిక్కులు. ఒకరినొకరు ఏడిపించుకోవడమే వాళ్ల అసలు ఉద్యోగం, మధ్యలో ఖాళీ దొరికితే తీగలు బిగించేవాళ్లు. మొదటి తీగ తగిలించింది ఐవిన్ చేతులే. పుస్తకాల్లో మాత్రం ఇంజనీర్ల పేర్లే ఉన్నాయి. ఐవిన్ పోయి రెండేళ్లయింది. ఆ తీగ దిగిన పెట్టె ఇదేనంటూ, ఎప్పటికీ విప్పనని ఒట్టు వేయించుకుని అతను ఏనాడో ఇచ్చిన ఇనప డబ్బా టోర్గెయిర్ దగ్గర మిగిలింది.

ఇంటర్నెట్ చరిత్ర మీద డాక్యుమెంటరీ తీస్తున్న సున్నివా అనే అమ్మాయి ఫోన్ చేసింది. చూపించడానికి వస్తువు ఉంటేనే ఐవిన్ పేరు పెడతామంది, ఉత్త మాటకు చోటు లేదంది. టోర్గెయిర్ సరేనన్నాడు. వాళ్లు వచ్చే శనివారం పొద్దున కాఫీ తాగుతూ పథకం వేసుకున్నాడు. ఐవిన్ భార్య బోర్గిల్ పారేసిన వాషింగ్ మెషీన్‌లో నీళ్ల వేడి పెట్టే డయలును, నలభై మీద ఉన్నదాన్ని ఉన్నట్టే, బిస్కెట్ల డబ్బాకు బిగించి, బూడిదరంగు పూసి సిద్ధం చేశాడు. ముందు దీన్ని చూపించాలి, వాళ్లు రెండు నిమిషాలు గంభీరంగా తలాడించాలి, అప్పుడు పకపకా నవ్వి అసలుది తేవాలి. ఐవిన్ బతికుంటే ఇదే చేసేవాడు. ఎవరికీ అనుమానం రాకుండా అసలుదాన్ని సెల్లార్ నడవాలో, పేరు చీటీ లేకుండా వదిలాడు.

ఆ రోజే వసంతకాలపు శ్రమదానం. అపార్ట్‌మెంట్ అంతా చీపుర్లు పట్టుకుని దిగుతుంది. దానికి పెద్ద ఓసె అనే ఆవిడ. చీటీ లేని ప్రతి వస్తువూ చెత్తబండికేనని నెల ముందే నోటీసు అంటించింది. టోర్గెయిర్ దాన్ని చదవలేదనుకునేవు. చదివాడు, పక్కనున్న ఆవిడ ఫోటోకు మీసాలు కూడా గీశాడు.

టీవీవాళ్లు వచ్చారు. వెంట వచ్చిన నిపుణుడు బిస్కెట్ల డబ్బాను అటూ ఇటూ తిప్పి, "ఈ నలభై ఏంటండీ?" అన్నాడు.

"అప్పటి వేగం."

"ఇంత తక్కువా?"

"అప్పట్లో ఎవరికీ తొందర లేదు."

నిపుణుడు రాసుకున్నాడు. టోర్గెయిర్ ఐవిన్ గురించి చెప్పడం మొదలెట్టాడు. నవ్వించాలనుకున్నవాడు వేళాకోళం మరిచి, పుస్తకాల్లోకి ఎక్కని ఆ చేతుల గురించే చెప్పుకుపోయాడు. సున్నివా కళ్లు తుడుచుకుంది. ఒక్క నిమిషం అని చెప్పి అతను సెల్లార్‌లోకి దిగాడు. నడవా ఊడ్చి, కడిగి, అద్దంలా ఉంది.

పెరట్లో ఓసె సాసేజ్ తింటూ కనిపించింది. ఇనప డబ్బా ఏదని అడిగాడు. బండి వెళ్లి పావుగంటైందంది.

"అది నాది, ఓసె."

"చీటీ ఉందా?"

"లేదు."

"అయితే నీది కాదు. నాకు మీసాలు గీయడానికి దొరికిన పెన్ను చీటీ రాయడానికి దొరకలేదా?"

నిజం చెబితే ఐవిన్ పేరు పోతుంది. చెప్పకపోతే వాషింగ్ మెషీన్ చరిత్రకెక్కుతుంది. మెట్లెక్కి వచ్చేసరికి సున్నివా ఆ డబ్బాను మెత్తటి గుడ్డలో చుడుతోంది. మ్యూజియానికి ఇస్తామనీ, కింద ఐవిన్ గారి పేరు రాయిస్తామనీ చెప్పింది. టోర్గెయిర్ జీవితంలో మొదటిసారి వేళాకోళాన్ని మధ్యలో మింగేశాడు.

శరదృతువులో ఆ డాక్యుమెంటరీ టీవీలో వేశారు. బోర్గిల్ వాఫిల్స్ చేసుకుని వచ్చి అతని పక్కనే కూర్చుంది. తెరమీద ఐవిన్ పేరు పడింది, తర్వాత నలభై అంకె తెర నిండా కనిపించింది. టోర్గెయిర్ తివాచీ వైపే చూస్తున్నాడు.

"అది నా వాషింగ్ మెషీన్‌దే కదూ," అంది బోర్గిల్ నెమ్మదిగా.

"అవును. అసలుది నేనే పోగొట్టాను. వాడు నన్ను నమ్మి ఇచ్చాడు."

"ఏ అసలుది? ఆ ఇనప డబ్బానా? తీగ బిగించింది మా ఆయనే, కానీ ఆ డబ్బా క్యాంటీన్లో కాఫీ వెచ్చబెట్టేది." ఆమె వాఫిల్ పళ్లెం పక్కన పెట్టింది. "ప్రతి క్రిస్మస్‌కీ ఈసారి చెప్పేస్తానని బయల్దేరేవాడు. నువ్వు దాన్ని తుడుచుకుంటూ కూర్చోవడం చూసి నోరు రాక తిరిగొచ్చేవాడు. ఆసుపత్రిలో కూడా అదే బాధ."

టోర్గెయిర్ నవ్వబోయాడు. తిట్టడానికి మనిషి లేడు.

"ఒక్క మాట చెప్పాల్సింది వాడు," అన్నాడు.

"మరి నువ్వు చెప్పావా వాళ్లకి?" అంది బోర్గిల్.

ఆ డయలు ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంది. వెళ్తే చూసిరా, కానీ ఉన్ని బట్టలు మాత్రం ముప్ఫై డిగ్రీల దగ్గరే ఉతుక్కో.