టెక్నికల్ సదన్న బొటనవేలు

గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో సదానందాన్ని అందరూ ‘టెక్నికల్ సదన్న’ అంటారు. పదో తరగతి తప్పాడు గానీ ఆ పేరు మాత్రం తప్పలేదు. ఫ్యాను తిరగకపోతే స్విచ్చి వేశారో లేదో చూడడు, ఫోన్లో వీడియో చూస్తాడు.

భార్య యమున బయటికి వెళ్లేటప్పుడు తాళంచెవి పక్కింటి మన్సూర్ వాళ్లకు ఇచ్చి వెళ్లేది. ఇరవై ఏళ్లలో ఆ చెవి ఒక్కసారీ పోలేదు. అదే సదానందానికి నచ్చలేదు. లోకమంతా ముందుకు పోతుంటే తన చెవి పక్కింటి మేకుకు వేలాడటమేమిటని, వేలు పెడితే తెరుచుకునే తాళం తెప్పించాడు.

“రేషన్ దుకాణంల మిషనే నీ వేలు గుర్తుపడ్తలేదు. గీ తాళం గుర్తుపడ్తదా?” అంది యమున.

“అది సర్కారు మిషన్. ఇది స్మార్ట్.”

“పోనీ, ఇంట్ల ఒక్కరన్న స్మార్ట్ ఉన్నరన్నట్టు.”

ముప్పై ఏళ్లు భూమిలోపల బొగ్గు ఎత్తీ ఎత్తీ ఆయన వేలిగీతలు అరిగిపోయాయి. బిగించడానికి వచ్చిన మనిషి పద్నాలుగుసార్లు అద్దించి, ఎలాగో ఎక్కించాడు. అవసరానికి ఉంటుందని మామూలు చెవి కూడా ఒకటిచ్చాడు. దాన్ని సదానందం భద్రంగా ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున యమున కుక్కర్లో పప్పు పెట్టి, మూడు కూతలు రాగానే పొయ్యి ఆపమని ఒకటికి రెండుసార్లు చెప్పి కూరగాయలకు వెళ్లింది. ఆమె సందు తిరిగిందో లేదో, సదానందం మన్సూర్‌ను పిలిచి, బయటినుంచి తలుపు లాగి, తాళం దానంతటదే ఎంత అందంగా పడుతుందో చూపించాడు. అందంగానే పడింది. ఫోను లోపల, చెవి లోపల, పప్పు లోపల. సదానందం లుంగీతో బయట.

మొదటి కూత వచ్చింది.

వేలు పెట్టాడు. తాళంలోని ఆడగొంతు మర్యాదగా హిందీలో మళ్లీ ప్రయత్నించమంది. వేలు కడిగి పెట్టాడు, లుంగీకి తుడిచి పెట్టాడు, మన్సూర్ ఇచ్చిన కొబ్బరినూనె రాసి పెట్టాడు. ఆ గొంతుకు మర్యాద తగ్గలేదు, తలుపు తెరుచుకోలేదు.

అయిదో కూతకు క్వార్టర్ల లైనంతా చేరింది. ఎదురింటి భూపాల్ ఫోన్లో వెతికి, వేలికి టూత్‌పేస్టు రాయాలన్నాడు. ఇంకొకరు తాళం కంపెనీకి ఫోన్ కలిపారు. ఇంగ్లిషుకు ఒకటి నొక్కమన్నారట, నొక్కితే పాట వస్తోందట. మిగిలినవాళ్లు వీడియో తీస్తున్నారు. కూతల లెక్క తప్పి, ఎనిమిదా తొమ్మిదా అని వాదన మొదలైంది.

మన్సూర్ పరుగున వెళ్లి ఇనుము కోసే మిషన్ తెచ్చాడు. వైరు అందలేదు. వైరుకు వైరు అతికిస్తుండగా కూతలు ఆగిపోయాయి.

“ఆగిందంటే పేలుతదన్నట్టే,” అన్నాడు భూపాల్. గనిలో పాతికేళ్లు పనిచేసిన మనుషులు పదడుగులు వెనక్కి జరిగారు. సదానందం ఒక్కడే తలుపు దగ్గర, టూత్‌పేస్టు బొటనవేలు ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. లోపలినుంచి యమున, చేతిలో గరిటెతో.

“ఏంది గింతమంది? ఎవలకేమైంది?”

సదానందం ఆ టూత్‌పేస్టు వేలు ఆమెవైపు చూపిస్తూ, “నువ్వు లోపటికెట్ల వొయినవ్?” అన్నాడు.

“ఎనుక తలుపుకెంచి. బార్లా తెరిచే ఉన్నది గద.”

నలభైమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరివీ అవే క్వార్టర్లు, అందరికీ ముందొక తలుపు, వెనకొక తలుపు. ఫోన్లు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్లాయి. భూపాల్ డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు, ఆదివారంనాడు. మన్సూర్ మిషన్‌ను వీపు వెనక దాచుకుని, పప్పు మంచి వాసన వస్తోందన్నాడు. వస్తున్నది మాడు వాసన.

సదానందం గొంతు సవరించుకున్నాడు. “అది గాదే, ఎనుక తలుపుకు సుత గిసొంటిదే ఒకటి పెడితే...”

యమున ఆయన బొటనవేలికేసి చూసింది. ఆయన మిగతా మాట మింగేశాడు.

ఇప్పుడు వాళ్ల ముందు తలుపు మూసుకోకుండా పగలంతా ఒక బండరాయి అడ్డం ఉంటుంది. దాన్ని మోసుకొచ్చింది సదానందమే. ఎక్కడ పెట్టాలో యమున చూపించింది.