పునాదికి ముందు గృహప్రవేశం

మూఢం ముంచుకొస్తోందని కోదండం ఫ్లాటుకి గృహప్రవేశం ముందు చేసేశారు, బిల్డింగు తర్వాత కడుతున్నారు. విజయవాడ పొలిమేరల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. ముహూర్తం దాటిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం గాని, ఇటుకదేముంది, లారీ ఎక్కితే అదే వస్తుంది. అందుకని నాలుగో అంతస్తు ఉండబోయే ఎత్తుకి బిల్డరు సరుగుడు బాదులతో వాలుగా మెట్లు కట్టించాడు. ముందు పురోహితుడు, వెనక దేవుడి పటంతో కోదండం, నీళ్ళబిందెతో ఆయన భార్య సువర్చల, గుమ్మడికాయతో కూతురు హాసిని ఎక్కారు. ఆవు మాత్రం రెండో అంతస్తు ఎత్తు దాకా వచ్చి, కిందికి చూసి మొండికేసింది. దానికి అగ్రిమెంటు చూపించి నచ్చజెప్పలేరు కదా, పైనుంచే దణ్ణం పెట్టించి సరిపెట్టారు. పాలు బాగానే పొంగాయి. పొంగిన పాలు తిన్నగా వెళ్ళి కింద ఖాళీ స్థలంలో తుమ్మమొక్కల మీద పడ్డాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టకముందే కాపురం పెట్టి చూడమని అనలేదు, పాపం వాళ్ళ కాలానికి పద్ధతులు అంత ముందుకు పోలేదు. కోదండం ఆర్టీసీలో కండక్టరు. కదిలే బస్సులో పట్టుకోడానికేమీ లేకుండా నిలబడి బతికినవాడు గనక గాలిలో కాపురం ఆయనకి పెద్ద వింతగా అనిపించలేదు. మంచం వేసుకున్నాడు, టీవీ పెట్టుకున్నాడు. కిందికి చూడకూడదన్న సంగతి మాత్రం ఇంట్లో ముగ్గురూ మొదటి రోజే నేర్చుకున్నారు.

సైటు ఇంజనీరు ఫణికుమార్ వారానికోసారి వచ్చి పని ఎలా జరుగుతుందో ఓపిగ్గా చెప్పేవాడు. పాత పద్ధతిలో కింది నుంచి పైకి కట్టేవారట. కొన్నవాడికి ఏడాది పొడుగునా గోతులూ, ఇనప చువ్వలూ తప్ప ఏమీ కనబడేవి కావట, మనసు విరిగిపోయేదట. ఇప్పుడు పై నుంచి, బయటి నుంచి మొదలెడతారు. అన్నట్టుగానే మొదట సంపెంగ రంగు వచ్చింది. రంగు వెనకాల లప్పం పట్టారు, లప్పం వెనకాల ప్లాస్టరింగు చేశారు, దాని వెనకాల తాపీ మేస్త్రి ఏసోబు ఒక్కొక్క ఇటుకే దూర్చుకుంటూ వెళ్ళాడు. తాపీ మేస్త్రి కాబట్టి తాపీగానే చేశాడు. ఆ తర్వాత కాళ్ళ కిందికి స్లాబు వచ్చింది, స్లాబు కిందికి దూలాలు వచ్చాయి, దూలాల నుంచి పిల్లర్లు నేలకేసి దిగడం మొదలెట్టాయి. పందిరికి వేలాడే పొట్లకాయ వంకర పోకుండా రాయి కట్టినట్టు, ప్రతి పిల్లరు చివరా ఒక గుండు కట్టారు. నేలకి అవి ఇంకా చాలా ఎత్తులో ఉండగానే మూఢం వచ్చింది. మూఢంలో శంకుస్థాపన పనికిరాదు కాబట్టి పని ఆగిపోయింది.

మరి బరువు ఎవరు మోస్తున్నారని కోదండం ఒకసారి అడిగాడు. ఫణికుమార్ దానికీ ఓపిగ్గానే చెప్పాడు. స్లాబు బరువు దూలం మోస్తుంది, దూలం బరువు పిల్లరు మోస్తుంది, పిల్లరు బరువు పునాది మోస్తుంది, పునాది బరువు భూమి మోస్తుంది. పునాది పడేదాకా ఆ బరువు ఇంటివాళ్ళ బెంగ మీద ఉంటుంది. ఇంట్లో ఒక్కరైనా ఇంటి గురించి బెంగపడుతున్నంతసేపూ ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఇటుకకీ కంకరకీ ఉన్నట్టే బెంగకీ ఓర్చుకునే శక్తి ఇంత అని లెక్కలున్నాయట, మునిసిపల్ ఆఫీసు వాళ్ళూ ఒప్పుకున్నారట.

ఇందులో అబద్ధమేమీ లేదు. మూడో అంతస్తు కొన్నాయన ఎక్కడో సుఖంగా ఉంటున్నాడు, ఆయనకి ఈ ఫ్లాటు ఒకటుందన్న సంగతే గుర్తుండదు. అందుకని ఆ అంతస్తు ఎంత కట్టినా నిలబడేది కాదు. చివరికి గ్రూప్-2 పరీక్షకి చదువుకునే కుర్రాణ్ణి తెచ్చి అందులో అద్దె లేకుండా పెట్టారు. వాడు సామాను దింపిన సాయంత్రానికే అంతస్తు బిగుసుకుపోయింది. నోటిఫికేషను వాయిదా పడిన రోజున రెండంగుళాలు పైకి కూడా లేచిందని చెబుతారు.

కోదండం ఇంట్లో బెంగకి కరువు లేదు గాని, మనుషులన్నాక ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు. ఒక ఆదివారం హాసిని, వాళ్ళ లెక్కల మాస్టారు క్లాసులో కునికిపాట్లు పడుతూ త్రికోణమితి చెప్పిన వైనం చేసి చూపించింది. పదో తరగతి పిల్ల, అచ్చం మాస్టారు దిగివచ్చినట్టే చేసింది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఫ్లాటు జానెడు దిగింది. స్టవ్ మీది గిన్నె జారింది, మూడో అంతస్తులో ఫ్యాను రెక్క వంగింది. కింది కుర్రాడు పుస్తకం చేత్తో పట్టుకునే పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాస్త చూసుకుని నవ్వండి అంకుల్," అన్నాడు.

కోదండం క్షమించమన్నాడు. ఆ రోజు నుంచి హాసిని స్కూలు కబుర్లు స్కూల్లోనే వదిలేసి రావడం అలవాటు చేసుకుంది. నవ్వేదని కదా ఆ పేరు పెట్టుకున్నారు, పేరు పెట్టేనాటికి ఈ ఇల్లు కొంటారని ఎవరికి తెలుసు.

నవ్వు సంగతి ఎలాగో సర్దుకున్నారు. నిద్ర దగ్గరే వచ్చింది చిక్కంతా. నిద్రలో బెంగ పనిచెయ్యదు. కలలో బెంగపడదామని కోదండం గట్టిగా అనుకుని పడుకున్నాడు గాని, కలలోకి మచిలీపట్నం బస్సు వచ్చింది, హాయిగా టిక్కెట్లు కొట్టాడు, లేచేసరికి కిటికీలోంచి కిందెక్కడో కనబడే కరెంటు తీగ మొహానికి ఎదురుగా ఉంది. అప్పట్నుంచి మొగుడూ పెళ్ళాం వంతులు వేసుకున్నారు. ఆయన పడుకుంటే ఆవిడ కూర్చుంటుంది, ఆవిడ పడుకుంటే ఆయన కూర్చుంటాడు. ఒకే మంచం మీద ఒకేసారి నడుం వాల్చిన జ్ఞాపకం ఇద్దరికీ లేదు. ఆయన బస్సులో నిలబడే కునుకు తీసేవాడు. సువర్చల కళ్ళ కింద నలుపు చెంపల దాకా వచ్చింది.

సువర్చల నగలడగలేదు, చీరలడగలేదు. పునాది పడిన రోజున మధ్యాహ్నం అన్నం తిని ఇద్దరం కలిసి పడుకుందామండీ అంది. నాకోసం ఇంకేమీ చెయ్యక్కర్లేదు అంది. అన్నాళ్ళ కాపురంలో భార్య ఒక్క కోరిక కోరితే అది నిద్రే అయినందుకు కోదండానికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తప్పకుండా అన్నాడు.

మూఢం పోయాక ఆషాఢం వచ్చింది. ఆషాఢం పోయాక ఇసుక దొరకలేదు. ఇసుక దొరికేసరికి మళ్ళీ మూఢం. ఆ లోపల ఏసోబు పిల్లర్ల చివర్లకి సున్నం కొట్టాడు, కొట్టిన సున్నం వెలిసిపోతే మళ్ళీ కొట్టాడు. మీకు బెంగ లేదా, ఎలా పడుకుంటారని సువర్చల ఒకనాడు అతన్ని మెట్ల మీద ఆపి అడిగింది.

"మాది రేకుల షెడ్డండి. బెంగ ఎక్కువైతే రేకులు లేచిపోతాయండి. అందుకని పడుకుంటామండి," అన్నాడు ఏసోబు.

ఎట్టకేలకి మంచిరోజు కుదిరింది. పిల్లర్లు దిగబోయేచోటల్లా గోతులు తవ్వారు. అడుగున కంకర పరిచి దిమ్మిస చేశారు, దాని మీద పల్చగా కాంక్రీటు పోశారు, ఇనప చువ్వలు అడ్డంగా నిలువుగా అల్లి జాలీ కట్టి దించారు, మిక్సరు బండి గిరగిరా తిరిగింది. కోదండం సెలవు పెట్టి కింద నేల మీద కుర్చీ వేసుకుని చూశాడు. పిల్లరు కాలు పునాదిని తాకినప్పుడు ఆయన భుజాలు వాటంతటవే కిందికి జారాయి. తర్వాత గోనెపట్టాలు చుట్టి రోజూ నీళ్ళు పట్టారు. ఆ నీళ్ళు పట్టే పని చాలాసార్లు కోదండమే చేశాడు, ఎవరూ అడక్కపోయినా.

పని పూర్తయిందన్న ఆదివారం సువర్చల గుత్తివంకాయ కూర చేసింది. కొత్త దుప్పటి పరిచింది. అప్పుడు ఫణికుమార్ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెప్పాల్సింది చెప్పాడు. పునాది లెక్క వేసేటప్పుడు వీళ్ళ బెంగని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇన్నాళ్ళుగా ఇంత బాగా మోస్తున్న ఆధారం ఉండగా మళ్ళీ అంత కంకర, అంత ఇనుము ఎందుకని ఆ మేరకి పునాది తగ్గించారు. ఇది అందరికీ చేసేదే, మీరొక్కరే కాదు సార్ అన్నాడు.

"అంటే మేం పడుకోకూడదా?" అన్నాడు కోదండం.

"ఇద్దరూ కలిసి పడుకోకూడదు సార్."

"ఎన్నాళ్ళు?"

"బిల్డింగు ఉన్నన్నాళ్ళు. మీరు ఊరికే కంగారుపడుతున్నారు సార్. సిమెంటుకైతే నీళ్ళు పట్టాలి. బెంగకి అదీ అక్కర్లేదు, దానంతటదే గట్టిపడుతుంది."

కోదండం అరవలేదు. కోర్టుకెడతాననీ అనలేదు. అరిచే ఓపికని ఆయన ఎప్పుడో ఇంటి కిందికి సర్దేశాడు. ఫణికుమార్‌ని గుమ్మం దాకా వచ్చి సాగనంపి, లోపలికి వచ్చి మంచం మీద ఒక పక్క కూర్చున్నాడు. సువర్చల రెండో పక్క కూర్చుంది. ముందు నువ్వు పడుకో అని ఆయన, కాదు డ్యూటీకి వెళ్ళాలి మీరు పడుకోండి అని ఆవిడ కాసేపు వంతులాడుకున్నారు. కొత్త దుప్పటి నలగకుండా అలాగే ఉంది. సువర్చల ఏడవలేదు గాని, ఏడిస్తే బాగుండునని కోదండానికి అనిపించింది.

అప్పుడు హాసిని పుస్తకం మూసి గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఇంజనీరు చెప్పిందంతా అక్కడే కూర్చుని విన్నది.

"మీరిద్దరూ పడుకోండి నాన్నా. నాకు బెంగగానే ఉంది," అంది.

దేని గురించమ్మా అని కోదండం అడగబోయి ఆగాడు. అడగడానికేముంది. పిల్ల మొహం ప్రశాంతంగానే ఉంది, కనుబొమల మధ్య మాత్రం సన్నగా ఒక గీత ఉంది. అది ఎప్పుడు పడిందో ఆయన గమనించలేదు. సువర్చల వద్దు తల్లీ అని నోరు తెరిచింది గాని, మాట పూర్తయ్యే లోపలే కళ్ళు మూతలు పడ్డాయి. కోదండం కూడా ఒక్క నిమిషమని నడుం వాల్చాడు. హాసిని గోడకి చేరగిలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసి, కాళ్ళ కింది స్లాబుకేసి చూస్తూ కూర్చుంది.

ఇద్దరూ సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. ఇల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.