నీలం తలుపుపై తీర్మానం

మా శాండ్ మెడోస్ కాలనీ నివాసులకు తెలియజేయడమైనది: ఎడారిలో ఉన్నంత మాత్రాన ఇష్టమొచ్చిన రంగు వేసుకోవడానికి వీల్లేదు. అమెరికాలో ఫీనిక్స్ నగర శివార్లలోని మా రెండొందల పన్నెండు ఇళ్లకీ ఒకే గోధుమ రంగు. గోడకీ అదే, తలుపుకీ అదే, ఇంటి నంబరుకీ అదే. అందమంటే ఇదేనని కమిటీ తేల్చింది. మేమూ ఒప్పుకున్నాం.

ఒక్క లోర్నా హాస్కెల్ మాత్రం తన తలుపుకి నీలం వేసింది. ఆమె భర్త వాల్ట్‌కి మతిమరుపు జబ్బు. రోజూ సాయంత్రం షికారు వెళ్లి, ఆ నీలం చూసుకుని ఇల్లు చేరతాడు. కారణం మంచిదే గాని, నిర్ణీత ఫారంలో లేదు.

జూలైలో విచారణ పెట్టారు. అధ్యక్షురాలు డోరీన్ ప్రూయిట్ గొంతు సవరించుకుంది.

"ఇవాళ నీలం తలుపంటారు, రేపు ఇంటికి ఎర్ర పైకప్పంటారు. ఎల్లుండి పక్క కాలనీకీ మనకీ తేడా ఏముంటుంది?"

"ఆయన దారి తప్పుతాడమ్మా," అంది లోర్నా.

"అయితే షికారు మాన్పించండి. షికారు తప్పనిసరని నియమాల్లో ఎక్కడా లేదే!"

అంతలో దక్షిణాన ఉరుములు. వాన అక్కడే కురిసి, గాలిని మాత్రం మా మీదికి వదిలింది. మైలెత్తు దుమ్ముగోడ ఊరి మీద పడింది. అరగంట హాల్లోనే కూచున్నాం. డోరీన్ ఆ సమయాన్ని వృథా చేయక, సదరు గాలికి ముందస్తు అనుమతి లేదని మినిట్స్‌లో రాయించింది.

బయటికొస్తే కార్లూ కాక్టస్ చెట్లూ ఇళ్లూ అన్నీ ఒకే రంగు. కమిటీ ఇరవయ్యేళ్లుగా సాధించలేని ఏకరూపతను గాలి అరగంటలో సాధించింది. నంబర్లు పూడిపోయాయి. కమిటీ సభ్యుడు గిల్ ఒర్టెగా ఎవరింట్లోకో దూరి, వాళ్ల కుక్క తరిమితే బయటపడ్డాడు.

"ఏం గిల్, ఇల్లు మారావా?" అని నవ్వాను.

"నవ్వింది చాల్లే. పావుగంట నుంచి నువ్వు గరాజు రిమోట్ నొక్కుతున్నది ఆ కుక్క వాళ్లింటికే!"

ఇంతలో, ఇంట్లోనే ఉండిపోయిన వాల్ట్ బయటికొచ్చి, చొక్కా విప్పి తలుపు తుడవడం మొదలెట్టాడు. నీలం మెరిసింది. అందరం అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటూ ఇళ్లకి చేరాం. డోరీన్‌ది ఎడమన మూడోది. నాది ఎదురు వరసలో ఐదోది.

మర్నాడు ఓటింగు జరిగింది. నీలం తీసేయాలన్న తీర్మానం ఏకగ్రీవం. లోర్నా సంబంధిత వ్యక్తి గనక ఆమెకి ఓటు లేదు. నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే అందరికీ కనబడుతుంది.

సోమవారం కమిటీ పంపిన పెయింటరు ఇల్లు తెలియక డోరీన్‌కి ఫోన్ చేశాడు.

"తెలియకపోవడమేమిటయ్యా? నీలం తలుపు కనబడుతుంది చూడు, అదే!"

పని చక్కగా చేశాడు.

ఆ సాయంత్రం వాల్ట్ మా వరసలో ఒక్కో తలుపే తట్టుకుంటూ వచ్చాడు. మా తలుపూ తట్టాడు. "లోర్నా, నేనేనే, తియ్యవే," అన్నాడు, మెల్లగా. చెప్పకుండా వచ్చినవాళ్లకి తలుపు తీయరాదని మా తొమ్మిదో నియమం. తీయలేదు. ఆయన పక్కింటికి వెళ్లాడు. పక్కింటివాళ్లూ తీయలేదు.

మా కాలనీలో అందరం ఒకేలా ఉంటాం.