మ్యాచ్‌కో ఏడాది

ఎర్రోళ్ల విల్సన్ పద్దెనిమిదో ఏట మూసీ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఒక ఏడాది చొప్పున వయసు పెరుగుతుందన్న నిబంధన మిగతా ఆటగాళ్లకు లాగానే అతనికీ వర్తించింది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. ఎంపికైన రోజే క్లబ్బు వయోధికారిణి వసుంధర గారు అతని తల్లిదండ్రులను కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా వివరించారు. మ్యాచ్ మొత్తం ఆడితే ఏడాది. సగంలో దిగితే ఆరు నెలలు. అదనపు సమయానికి వెళ్తే ఇంకో నాలుగు నెలలు. గోల్‌కీపర్లకు కొంత రాయితీ ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వయసు కదలదు. యాభై ఎనిమిది నిండిన క్షణాన పదవీ విరమణ, శాలువా, అక్కడి నుంచి మామూలు కాలం.

తండ్రి ప్రభుదాస్ సికింద్రాబాదులో ఆటోలకూ బస్సులకూ సీటు కవర్లు కుడతాడు. ఆయనకు ఒకటే సందేహం వచ్చింది.

"మళ్ల తగ్గుతదా మేడమ్?"

"తగ్గదండీ. అలాంటి ఏర్పాటు లేదు."

తల్లి దానమ్మ వేరే సంగతి అడిగింది. "తిండి మంచిగ పెడ్తరా?"

"గుడ్లు, చికెన్, పాలు, అన్నీ ఇస్తామమ్మా."

వాళ్లు సంతోషంగా ఇంటికి వెళ్లారు. బస్తీలో లడ్డూలు పంచారు.

మొదటి మ్యాచ్‌లోనే విల్సన్ గోల్ కొట్టాడు. కుడి అంచున బంతి తీసుకుని, ఇద్దరిని దాటి, వాలుగా తన్నాడు. ఆట అయ్యేసరికి అతని గడ్డం కాస్త ముదిరింది. ఆ రోజు నుంచి జనం అతని పేరే అరిచారు కాబట్టి కోచ్ ఖలీల్ సాబ్ ప్రతి మ్యాచ్‌కూ అతన్నే దింపాడు. లీగ్ మ్యాచ్‌లు, కప్పు మ్యాచ్‌లు, స్పాన్సర్ల కోసం ఆడే స్నేహపూర్వక మ్యాచ్‌లు, అన్నిటికీ అదే లెక్క. మొదటి సీజన్ ముగిసేనాటికి అతని కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఖలీల్ సాబ్ "అరే బేటా" అనడం మానేసి "విల్సన్ భాయ్" అనడం మొదలుపెట్టాడు.

బెంచీ మీద మధుకర్ అనే ఆటగాడు ఉండేవాడు. అతనికి చాలా ఏళ్లుగా ఇరవై నాలుగే. అతని తోటివాళ్ల పిల్లలు బడికి వెళ్తున్నారు. మధుకర్ చర్మం మాత్రం నిగనిగలాడుతూ ఉండేది, జెర్సీ ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగకుండా ఉండేది. ఒకరోజు డ్రెస్సింగ్ రూములో విల్సన్ పక్కన కూర్చుని అతను ఏడ్చాడు.

"ఒక్కసారి నన్ను దింపమని చెప్పన్నా. ఒక్క ఏడాదన్న పెరగనీ."

విల్సన్ వెళ్లి చెప్పాడు. ఖలీల్ సాబ్ సానుభూతితో విన్నాడు. మరుసటి మ్యాచ్‌కు మళ్లీ విల్సన్‌నే దింపాడు.

ఇంట్లో మార్పు రెండో సీజన్ మధ్యలో వచ్చింది. ప్రభుదాస్‌కు అప్పటికి నలభై నాలుగు. ఒక ఆదివారం సాయంత్రం విల్సన్ నలభై ఐదేళ్లతో గుమ్మంలోకి వచ్చాడు. ప్రభుదాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆలోచించి లేవలేదు. ఇంటికి పెద్దవాళ్లు వస్తే లేవడం ఆయనకు అలవాటు.

"కూసోండి అన్నా."

"డాడీ, నేను."

"తెలుసు. అయినా కూసోండి."

ఇద్దరూ చాలాసేపు నిలబడే ఉన్నారు. చివరికి మోకాళ్లు నొప్పి పుట్టి విల్సన్ కూర్చున్నాడు. చర్చిలో పాస్టరు గారు అతన్ని యువజన సంఘం నుంచి తీసి పెద్దల వరుసలోకి మార్చారు. దానమ్మ మాత్రం దేనికీ ఒప్పుకోలేదు. "నేను కన్నోడు నాకంటె పెద్దోడెట్లయితడు?" అని అందరి ముందూ "ఒరేయ్" అనే పిలిచింది. అయితే అతని దవడ పళ్లు కదలడం గమనించి, అన్నం కాస్త మెత్తగా వండసాగింది.

కప్పు ఫైనల్ నాటికి విల్సన్‌కు యాభై ఏడు నిండడానికి మూడు నెలలు తక్కువ. మ్యాచ్ మామూలుగా ముగిస్తే ఇబ్బంది లేదని వసుంధర గారు ముందే చెప్పారు. మామూలుగా ముగియలేదు. చెరో గోలుతో సమానమై అదనపు సమయానికి వెళ్లింది. విరామంలో ప్రభుదాస్ కమ్మీల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కాకా, చాలు. వచ్చెయ్. ఆ మధుకర్‌ను ఆడనీ."

విల్సన్ రొప్పు తగ్గేదాకా ఆగాడు. "వచ్చి ఏం చెయ్యాలె డాడీ? నా తోటోళ్లు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నరు. నేను ఇప్పుడు ఏ కాలేజీల చేరాలె? నాకు ఇది తప్ప ఏం రాదు."

ప్రభుదాస్ కిందికి చూశాడు. విల్సన్ బూటు లేసు ఊడి ఉంది. వంగడానికి విల్సన్‌కు నడుము సహకరించడం లేదు. ప్రభుదాస్ కమ్మీల కిందుగా దూరి మైదానంలోకి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కాలియ్యి రా," అన్నాడు.

కట్టి, రెండో ముడి కూడా వేశాడు. విజిల్ మోగింది.

అదనపు సమయం ముగింపుకొస్తుండగా బంతి విల్సన్ దగ్గరికి వచ్చింది. అప్పటికి అతను పరిగెత్తడం లేదు, నడుస్తున్నాడు. అయినా ఇద్దరు కుర్రాళ్లు అతన్ని ఆపలేకపోయారు. గురి చూసి తన్నాడు. బంతి గాలిలో ఉండగా వసుంధర గారి చేతి గడియారంలో అతనికి యాభై ఎనిమిది నిండాయి. ఆ తర్వాత బంతి గోలు గీత దాటింది.

రిఫరీ, వసుంధర గారు, ఇద్దరు క్లబ్బు కార్యదర్శులు మైదానం మధ్యలో కాసేపు చర్చించారు. గోలు చెల్లుతుందని తేల్చారు. అయితే ఆ క్షణానికి విల్సన్ ఆటగాడు కాడు కాబట్టి దాన్ని అతని పేరున రాయడం కుదరదన్నారు. గోలు క్లబ్బుకే జమ అయింది. మైదానం అంచు గీత పక్కనే అతనికి శాలువా కప్పారు. మిగిలిన కొద్ది నిమిషాలకు మధుకర్‌ను దింపారు. అతను దాదాపు నెల రోజులు పెరిగి, ట్రోఫీతో ఫొటో దిగుతూ మాటిమాటికీ చెంప తడుముకున్నాడు.

విల్సన్ ఇంటికి వెళ్లాడు. క్లబ్బు మాట ప్రకారం అక్కడి నుంచి అతనికి మామూలు కాలమే నడిచింది. పొద్దున్నే ప్రభుదాస్ మెట్లు దించి ఎండలో కూర్చోబెట్టి పనికి వెళ్లేవాడు. సీటు కవర్లు కుట్టడం నేర్పబోతే సూదిలో దారం ఎక్కించడానికి విల్సన్‌కు చూపు ఆనలేదు. తన ఈడు పిల్లలు పరీక్షలయ్యాక వచ్చి పలకరించేవారు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగి వెళ్లిపోయేవారు.

మరుసటి వేసవిలో క్లబ్బు వాళ్లు కొత్త ఎంపికలకు ముఖ్య అతిథిగా పిలిచి కారు పంపారు. మైదానం బయట తల్లిదండ్రులు బారులు తీరి ఉన్నారు. వసుంధర గారు మైకులో నిబంధనలన్నీ చదివారు, ఒక్కటి కూడా వదలకుండా. వరుసలోంచి ఎవరూ కదల్లేదు. వెనకవాళ్లు సరిగా వినపడలేదంటే మళ్లీ చదివారు.

విల్సన్ గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉండగా ఒక తల్లి వరుసలో తన చోటు పక్కామెకు అప్పగించి, చేతిలో వాటర్ బాటిల్‌తో దగ్గరికి వచ్చింది.

"సార్, మా వోనికి పద్నాలుగు నిండినయి. అందరు చిన్నప్పుడే తెచ్చి ఏస్తున్నరంట. మాకు తెల్వకపాయె. ఆలస్యమైందా సార్?"

విల్సన్‌కు అప్పటికి పుట్టి ఇరవై ఏళ్లు. అతను ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు.

"కొంచెం," అన్నాడు.

ఆమె దండం పెట్టి, వరుసలోకి గబగబా వెనక్కి నడిచింది.