ఊఁ కొట్టే హక్కు

కథ వింటూ ఊఁ కొట్టే పద్ధతిని 'నిత్యశ్రవణ' అనే కంపెనీ కనిపెట్టింది. ఆ సంగతి పెద్దారవీడులో లక్ష్మీనరసమ్మకు నోటీసు అందేదాకా తెలియదు. అంతవరకు దాన్ని వాళ్ల అవ్వ కనిపెట్టిందనుకునేది.

సాయంత్రంపూట లక్ష్మీనరసమ్మ ఫోను ముందు కూర్చుని కథ చెబుతుంది. కోడలు సంధ్యారాణి యూట్యూబులో లైవ్ పెడుతుంది. వినేవాళ్లు కింద 'ఊఁ' అని టైపు చేయాలి. ఊఁలు ఆగితే కథ ఆగుతుంది. నిద్రపోయేవాళ్లకు కథ చెప్పడం ఆమెకు చేతకాదు.

'శ్రోత నుండి ఏకాక్షరధ్వని రూపంలో సమ్మతి పొంది కథనమును కొనసాగించు విధానం'పై కంపెనీకి పేటెంటు ఉంది. తల ఊపడం రెండో క్లాజులో ఉంది. 'ఆఁ', 'సరే' మూడో క్లాజులోకి వచ్చాయి. దేన్నీ మరిచిపోని ఆ శ్రద్ధను మెచ్చుకోవాలి. ఊఁలు మానకపోతే ఛానల్ మూయిస్తామని నోటీసులో రాశారు. అప్పటికి కథలో రాజు కూతురు బావిలో ఉంది.

"పిల్లను బావిలో వదిలిపెట్టి నేనెట్ల మానుకునేది?" అన్నది లక్ష్మీనరసమ్మ.

"ఊఁ లేకుండా చెప్పు అత్తా."

"గోడకు చెప్పినట్లుంటది. నా వల్ల కాదు."

మార్కాపురంలో రాజీకి కూర్చున్నారు. మధ్యవర్తి ఆదినారాయణ, గిద్దలూరులో స్థిరపడిన రిటైర్డ్ జడ్జి. కంపెనీ వకీలు లేచి నిలబడ్డాడు.

"మేధోసంపత్తి జాతి సంపద."

"ఊఁ," అన్నాడు ఆదినారాయణ.

"దాన్ని కాపాడటం పౌరుల పవిత్ర కర్తవ్యం."

"ఊఁ."

లక్ష్మీనరసమ్మ కోడలి వైపు వంగింది. "సంధ్యా, ఈయన్నకు నోటీసు రాలేదేందే?"

మెల్లగానే అడిగింది. కథలు చెప్పే గొంతు కాబట్టి గదంతా వినిపించింది.

ఆదినారాయణ నోరు మూసుకున్నాడు. చట్టం తెలిసినవాడు. వకీలు ఇంకో వాక్యం చెప్పి ఆగాడు. మరొకటి మొదలుపెట్టి మరిచిపోయాడు. "వింటున్నారా సార్?" అన్నాడు. ఆదినారాయణ తల ఊపబోయి, రెండో క్లాజు గుర్తొచ్చి మెడ బిగబట్టాడు.

వకీలుదీ ఆ పక్క కురిచేడే, ఊరి మాట బయటపడింది. "ఇట్ల కూర్చుంటే నేనెట్ల చెప్పేది సార్? ఎవరో ఒకరు ఊఁ అనండి."

"ఊఁ కొట్టడానికి కంపెనీ అందరికీ అనుమతి ఇచ్చిందని రాసుకోమంటావా?"

"రాసుకోండి సార్. ముందు ఊఁ అనండి."

ఆదినారాయణ రాసుకున్నాడు. వకీలు భోజనాల వేళదాకా మాట్లాడాడు. అందరూ ఊఁ కొట్టారు, అందరికంటే గట్టిగా లక్ష్మీనరసమ్మ. ఆ సాయంత్రం రాజు కూతురు బావిలోంచి బయటికి వచ్చింది.

కంపెనీ నిరాశపడలేదు. 'అంతయు విని, ఏమియు అనక ఊరకుండు విధానం'పై కొత్త దరఖాస్తు పెట్టింది. తరతరాలుగా ఈ విధానాన్ని వాడుతున్నవారు అభ్యంతరాలు తెలపవచ్చని ప్రకటన వచ్చింది. మనమందరం చదివాం. గడువు ముగిసింది. ఎవరూ నోరు తెరవలేదు.