పదికి నాలుగు

ఆ ఉదయం పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా ధ్రువీకరణ కార్యాలయంలో వరసలో నిలబడాలి. డిగ్రీ పట్టా, విదేశీయులకు ఇంగ్లీషు నేర్పడంలో నూట ఇరవై గంటల శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్, పోలీసులిచ్చిన సత్ప్రవర్తన పత్రం, ఈ మూడింటి మీదా ముద్ర వేయించుకోవాలి. పన్నెండుకు కౌంటరు మూసేస్తారు. సాయంత్రంలోగా ముద్ర పడిన కాగితాల ఫొటోలు సముద్రం అవతలి బడికి చేరకపోతే, ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది.

టీచరమ్మ ఎనిమిదేళ్లుగా ట్యూషన్ సెంటర్లో పిల్లల వ్యాసాలు దిద్దుతోంది. ఎన్నో అర్జీలు పెట్టగా పెట్టగా వచ్చిన ఒకే ఒక్క పిలుపు ఇది. ఇది పోతే మళ్లీ అడిగే ధైర్యం తనకుండదని ఆమెకు తెలుసు.

ఆమె భర్తకు చుట్టపక్కాల్లో ‘జాగ్రత్త’ అని పేరు. భార్య చెప్పగానే మూడు కాగితాలనూ దళసరి ప్లాస్టిక్‌లో లామినేషన్ చేయించింది అతనే.

“ఇక వాన పడినా భయం లేదు, టీ ఒలికినా భయం లేదు,” అని బస్సులో మూడుసార్లు అన్నాడు.

కార్యాలయంలో అప్పటికే నలభై మంది ఉన్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలు తళతళలాడుతున్నాయి. రెండు వారాల సెలవు తర్వాత ఆ పూటే వచ్చిన సూపరింటెండెంట్, మొదటి పట్టాను అందుకుని వేలితో టకటక కొట్టి చూశాడు.

“ప్లాస్టిక్ మీద ముద్ర ఎలా అంటుతుందయ్యా? లామినేషన్ చేస్తే తీసుకోం. తర్వాత!”

తర్వాతదీ ప్లాస్టికే. ఆ తర్వాతదీ అంతే. వరస మొత్తం గొల్లుమంది.

“లామినేషన్ లేకపోతే తీసుకోబోమని మీరే కదండీ గోడకి అంటించారు!”

సూపరింటెండెంట్ గోడ వైపు చూసి బిత్తరపోయాడు. అటెండరును పిలిచాడు. పాత నోటీసును ఎవరో ఎర్ర సిరాతో దిద్దారనీ, ఎర్ర సిరా అంటే పై అధికారే అయి ఉంటారని దిద్దినట్టే టైపు చేయించాననీ అటెండరు చెప్పాడు. పాత కాగితం కూడా తెచ్చి చూపించాడు.

దాన్ని చూడగానే టీచరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

పదిరోజుల కిందట వివరాలు కనుక్కుందామని వచ్చినప్పుడు ఆ నోటీసు ఆమె కంటపడింది. ‘నో లామినేషన్ సర్టిఫికెట్స్ నాట్ యాక్సెప్టెడ్.’ ఒకే వాక్యంలో రెండు ‘కాదు’లు! రెండు కాదులు కలిస్తే అవునవుతుందని ఆమె క్లాసులో వెయ్యిసార్లు చెప్పింది. చెయ్యి ఊరుకోలేదు. లామినేషన్ లేని సర్టిఫికెట్లు తీసుకోబడవని తప్పులేని ఇంగ్లీషులో దిద్దింది. అలవాటు చొప్పున పక్కన పదికి నాలుగు మార్కులేసి, కింద ‘నన్ను కలవండి’ అని రాసింది. ఇంటికెళ్లి భర్తకు లామినేషన్ పని పురమాయించింది కూడా.

“ఎవడండీ ఆ తలమాసినవాడు?” పక్కనే జాగ్రత్త గొంతు ఖంగుమంది. “ఇంతమంది నోట్లో మట్టి కొట్టాడు!”

“ఏమండీ, ఊరుకోండి,” అని ఆమె అతని చొక్కా లాగింది.

“ఎందుకూరుకోవాలి? నీ ఉద్యోగం పోతుంటేనా? వాణ్ణి పట్టుకునేదాకా ఎవరూ కదలకండి!”

నలభై మందీ అవునన్నారు. గడియారం పదకొండు దాటింది.

“నాకూ వాణ్ణి చూడాలనే ఉంది. కలవమని వాడే రాశాడుగా,” అంటూ సూపరింటెండెంట్ కాగితాన్ని పైకెత్తాడు.

జాగ్రత్త దాన్ని అందుకుని, అందరికీ వినిపించేలా చదవబోయి, నాలుగంకె దగ్గర ఆగిపోయాడు. తోక కిందికి లాగి కుడివైపు మెలితిప్పిన నాలుగు. తను రాసిన సరుకుల చిట్టాల మీద భార్య వేసే మార్కుల్లో పెళ్లయినప్పటినుంచీ చూస్తున్న నాలుగు.

“పాపం... ఏదో మంచి ఉద్దేశంతోనే...” అని నసిగాడు.

“ఇందాక తలమాసినవాడన్నారుగా?” అంది వెనకావిడ.

“తల... తలలో ఏదో ఆలోచన ఉండి ఉంటుందని నా భావమండీ.”

ఈలోగా సూపరింటెండెంట్ బల్లమీది కట్టలోంచి టీచరమ్మ దరఖాస్తు తీశాడు. ఒక చేత్తో దాన్నీ మరో చేత్తో జాగ్రత్త దగ్గర్నుంచి తీసుకున్న నోటీసునూ పట్టుకుని రెండు చేతిరాతలనూ చాలాసేపు చూశాడు.

“మీరోసారి లోపలికి రండమ్మా.”

ఆమె కాగితాలు పట్టుకుని కదిలింది. చేతి చెమటకు సత్ప్రవర్తన పత్రం జారిపోతోంది. లోపలికి వెళ్లగానే ఆయన తలుపు వేశాడు.

“నేనేనండీ. నావల్లే ఇంతమందికి నష్టం జరిగింది. నా కాగితాలు ఆపేసినా సరే, వాళ్లకి ఏదైనా దారి చూపించండి.” చివరి మాట దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“మిగతా ఆరు మార్కులు ఎక్కడ పోయాయమ్మా?”

“అంటే... ఇది మీరు...?”

“నేనే రాశాను. ఒకసారి వద్దంటే మన జనం వినరని రెండుసార్లు వద్దన్నాను.”

ఆమె కళ్లు తుడుచుకుని, రెండు కాదుల సంగతి మెల్లగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, తల పంకించి, సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీశాడు.

“లామినేషన్ చేసినవాటికి దారి లేకపోలేదు. వేరే కాగితం మీద ధ్రువీకరణ రాసి, కుట్టి, దానిమీద ముద్ర వెయ్యొచ్చు. కానీ అది ఇంగ్లీషులో రాయాలి.” ఆయన గొంతు తగ్గింది. “ఇదివరకైతే రాసేవాణ్ణే. పదికి నాలుగొచ్చినవాడు విదేశాలకెళ్లే కాగితం మీద ఏం రాస్తాడమ్మా?”

టీచరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. అటెండరు జిరాక్సుకు పరిగెత్తాడు. వరస కదిలింది. ఆమె అందరికంటే చివర నిలబడింది. తన మూడు కాగితాల మీదా ముద్ర పడేసరికి పన్నెండుకు మూడు నిమిషాలుంది.

“ఇంతకీ వాడు దొరికాడా అండీ?” వెళ్లబోతూ వెనకావిడ అడిగింది.

“దొరికాడమ్మా. గట్టిగానే చీవాట్లు పెట్టాను,” అన్నాడు సూపరింటెండెంట్, నిబంధనల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

భార్యాభర్తలు మెట్లు దిగారు. గేటు దగ్గర వాహనాలు నిలపడం గురించి ఇంగ్లీషులో ఒక బోర్డు ఉంది. టీచరమ్మ దాని ముందు ఆగింది.

జాగ్రత్త ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి తన జేబులో పెట్టుకున్నాడు.