ఇనప పడవకి కొబ్బరితాడు కుట్టు

పడవ కట్టుకోవడం కంటే పడవకి డిజైను ఎంచుకోవడమే గొప్ప పని అని నేను ఢంకా బజాయించి చెబుతున్నాను. కట్టిన పడవ ఏదో ఒకనాడు మునుగుతుంది. ఎంచుకుంటున్న పడవ మునిగినట్టు ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా దాఖలా లేదు!

నవ్వకండి. నేను థర్డు ఫారంలో బడి మానేసినవాణ్ణే, ఒప్పుకుంటాను. కాని సొంతానికి ఇనప తెరచాప పడవ కట్టుకోదలచి, దానికి రెండేళ్లుగా డిజైను ఎంచుతున్న సంఘంలో మెంబర్ని. ఈ అనుభవం ఏ బి.ఏ. గారికైనా ఉందా?

కొబ్బరి రైతులకి పడవెందుకని మీరడగవచ్చు. మా ఉద్దానం కాయకి కలకత్తాలో గిరాకీ ఉంది. కాయ అక్కడికి చేరాలంటే పలాస స్టేషనులో వ్యాగను ఎక్కాలి. పలాస వర్తకులు మన్మథరావుగారు మహా ముందుచూపు గలవారు. కాయ ఇంకా పిందెగా ఉండగానే వ్యాగన్లన్నీ తన పేర బుక్ చేసుకుంటారు. ఆ తరవాత కాయ మాది, రేటు ఆయనది.

సముద్రాన్ని మాత్రం ఇంకా ఎవరూ బుక్ చేసుకోలేదు. మా తోటల చివరే ఉంది. గాలి ఉచితం. సొంత పడవ ఒకటుంటే బారువ రేవులో కాయలెత్తి కలకత్తాలో దించుకోవచ్చునని మాకో దుర్బుద్ధి పుట్టింది.

ఇనపదే ఎందుకంటారా? ఇది ప్లానుల కాలం. సర్కారు ఆఫీసులో చెక్క కావాలంటే కట్టెల అడితికి పొమ్మంటారు. ఇనుము కావాలంటే కూర్చోమంటారు! ఊరికీ టెక్కలి ఆఫీసుకీ మధ్య తిరిగి నేను రెండు జతల చెప్పులు అరగదీశాక సంఘం పేర ఇనుముకి పర్మిట్టు వచ్చింది. షరతు ఒక్కటే. రెండేళ్ల లోపల పడవ డిజైను మీద సంఘం ప్రెసిడెంటు సంతకం పెట్టించి దాఖలు చేయాలి. లేకపోతే పర్మిట్టు రద్దు.

ప్రెసిడెంటు ఎవరని అడగరేం? మన్మథరావుగారే! ఆశ్చర్యం దేనికి? సంఘమన్నాక కూర్చోవాలి కదా, కూర్చోడానికి కుర్చీలుండాలి కదా. మేమెరిగినంత మేర అన్ని కుర్చీలు ఒక్కచోట ఉన్నది ఆయన వరండాలోనే. పైగా మీటింగు మీటింగుకీ జీడిపప్పు వేసిన ఉప్మా. పప్పు గుళ్లు గుళ్లుగానే తగిలేది, బద్దలు కాదు. అంతటి మనిషిని కాదని ప్రెసిడెంటు పదవి చాపలున్నవాడికి ఇస్తామా?

మొదటి మీటింగులోనే కొంప మునిగేది. అడుగు చదునుగా ఉండి, ఇసక మీదికి లాక్కోడానికి వీలైన పడవ బొమ్మ ఒకటి నేను పట్టుకెళ్లాను. అందరూ బాగుందనేశారు. అప్పుడు మమ్మల్ని కాపాడింది మన్మథరావుగారే. ఆయన అందర్నీ మావా అనే పిలుస్తారు. రేటు దగ్గర మాత్రం చుట్టరికం పాటించరు.

"ఒక్క బొమ్మ సూసి ఒప్పీసుకుంతారేటి మావా? పిల్లకి సంబంధం సూసినా పది గుమ్మాలు తొక్కుతాం గదా" అన్నారు.

మాకు సిగ్గేసింది. ఆయన వెంటనే తన సొంత ఖర్చుతో మద్రాసు నుంచీ లండను నుంచీ క్యాటలాగులు తెప్పించారు. మేం సొంత పడవ కట్టుకుంటే నష్టపోయేది ఆయనే. అయినా ఆ ఔదార్యం చూడండి!

క్యాటలాగులు చదివి చెప్పే పని మా బావమరిది ఢిల్లేశ్వరరావుది. ఎస్సెల్సీ మూడుసార్లు రాసినవాడు, అంటే మామూలువాడి కంటే మూడింతలు చదివాడన్నమాట. గుండ్రటి అడుగు, కోసు అడుగు, ఒంటి తెరచాప స్తంభం, జంట స్తంభాలు అన్నీ విడమరిచాడు. తీరా వాడి మనసు, తాడు పట్టుకొని ఒక దొరసాని నవ్వుతున్న పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ పడవలో పడక గది ఉంది, స్నానానికి తొట్టి ఉంది. కాయలెక్కడ పోస్తామురా అని అడిగాను. తొట్టిలో పోద్దాం బావా అన్నాడు.

ఆ తరవాత మా పురోహితులు కూర్మనాథంగారు సింహద్వారం ఎటని అడిగారు. గడప ఉన్నదేదైనా తూర్పు ముఖంగా ఉండాలట. పడవ తిరుగుతుంది కదండీ అంటే, యజమాని తిరగనివ్వకూడదన్నారు. దీని మీద ఒక వేసంగి గడిచింది. కలకత్తా వెళ్లేటప్పుడు పరవాలేదు, దాదాపు తూర్పే. వచ్చేటప్పుడు? ముఖం తూర్పుకే పెట్టి వెనక్కి నడిచి రావాలని తీర్మానమైంది. కాబట్టి రెండు కొసలా ముక్కు, రెండు కొసలా చుక్కాని ఉన్న డిజైన్లు విడిగా చూడవలసి వచ్చింది. కట్టేసి ఉంటే ఈ లోపం తెలిసేదా చెప్పండి?

అసలైన కాంతి మాత్రం మా పడవ నడపవలసిన అప్పలసూరి ప్రసాదించాడు. మా తీరంలో మేకు కొట్టిన పడవకి పిల్లనివ్వరు. పలకకీ పలకకీ కన్నాలు పెట్టి, కొబ్బరితాడుతో కుట్టి, సందుల్లో పీచు కూరితేనే పడవ. కెరటం కొడితే వంగుతుంది, విరగదు. అది చెక్కకి ధర్మం.

"ఇనుమైతే మాత్రం? దానికి మాత్రం కెరటం తగల్దేటి?" అన్నాడు అప్పలసూరి. "కన్నాలెట్టి కుట్టీడమే. కుట్టు నేని పడవ నానెక్కను."

పాఠకులారా, ఇనప రేకులని కొబ్బరితాడుతో కుట్టడమనే ఆలోచన ఇంగ్లండులో ఒక్కడికైనా వచ్చిందా? వరండా అంతా పులకించిపోయింది. తాడు మాదే, పీచు మాదే! ఇక ఎవరి తోట తాడు వాడాలని పేచీ మొదలైంది. క్యాటలాగులో ఉన్నట్టు రేకులకి రివిట్లే కొట్టాలని ఢిల్లేశ్వరరావు రివిట్ల పార్టీ, అప్పలసూరి కుట్టు పార్టీ. రెండు పార్టీలవాళ్లు పెళ్లిళ్లలో కూడా వేరే బంతుల్లో కూర్చోవడం మొదలెట్టారు. మన్మథరావుగారు న్యాయమూర్తి లాంటివారు కనుక ఇద్దరి మాటలోనూ పస ఉందన్నారు. రెండు సబ్ కమిటీలు వేశారు. రెండింటికీ ఉప్మా పెట్టారు.

ఈలోగా కాయలు ఎవరికి వేశామని అడక్కండి. ఇంకెవరికి వేస్తాం? మీటింగుకి వెళ్తూ బండి మీద ఆయనకే తోలుకుపోయేవాళ్లం. వేరే కిరాయి లేకుండా!

ఎంపికలో ఉన్న సుఖం ఒకటా? కంచిలి సంతలో ఏటి సేత్తన్నావని ఎవరైనా అడిగితే, కాయలు దింపిస్తున్నానని చెప్పడం కంటే ఇనప పడవ డిజైను చూస్తున్నానని చెప్పడంలో ఎంత దర్జా ఉంది! పడవ ఉన్నవాడికి తుపానంటే భయం. మాకు తుపానొస్తే నిద్ర ఇంకా బాగా పట్టేది.

అలా హాయిగా సాగుతుండగా పర్మిట్టు గడువు రేపటితో సరి అన్న రోజు వచ్చింది. మొదటి మీటింగునాటి చదును అడుగు బొమ్మే మళ్లీ పట్టుకెళ్లి బల్ల మీద పరిచాను. కుట్టుకుంటారో రివిట్లు కొట్టుకుంటారో తరవాత తేల్చుకోండి, ముఖం ఎటైనా పెట్టుకోండి, ముందు ఇనుము చేతికి రానివ్వండి, రేపు పొద్దున్నే టెక్కలిలో ఇచ్చేసి వస్తానన్నాను.

ఘోరం జరిగిపోయింది. అందరూ ఒప్పుకున్నారు! కూర్మనాథంగారు గ్రహాలు అనుకూలమే అన్నారు. అప్పలసూరి తల ఊపాడు. మా బావమరిది దొరసాని పేజీ మూసేశాడు. రెండేళ్ల కృషి మట్టిలో కలిసి, నిజంగానే పడవ తయారయ్యే ప్రమాదం ముంచుకొచ్చింది.

మన్మథరావుగారు కలం మూత తీశారు. మా అందరి వంకా ఆప్యాయంగా చూశారు.

"ఎట్టెత్తాను మావా, ఎట్టకేటి. గానీ హాలెండు నుంచి కొత్త పుస్తకం పొద్దున్నే దిగింది. ఒట్టి ఇనప పడవలేనట ఇందల. ఇది సూడకుండా సంతకం ఎట్టీసినానంటే రేపు మీరే నన్ను తిడతారు."

మా బావమరిది చెయ్యి అప్పటికే చాచేశాడు. పుస్తకం వరండా అంతా తిరిగింది. రంగుల బొమ్మలు. అప్పలసూరి ఒక్కొక్క పడవకీ కుట్టు ఎక్కడ పడుతుందో గోటితో గీసి చూపించాడు. పుస్తకం తిరిగి వచ్చేసరికి దీపాలు వెలిగించారు, కలం జేబులోకి వెళ్లిపోయింది. మర్నాటితో పర్మిట్టు చెల్లిపోయింది.

ఆ రాత్రి వరండాలోంచి లేచేముందు నేనొక్క మాటన్నాను. "పుస్తకాలు తెప్పించినంత జోరుగా మాకు రెండు వ్యాగన్లు వదిలీసుంటే, పడవ గోలే నేకపోను గదా మావా."

మన్మథరావుగారు కడుపారా నవ్వారు.

ఆ వారం అందరి కాయలూ వ్యాగనెక్కాయి. నా కాయలకి చోటు చాలలేదట. ఆ పై వారమూ చాలలేదు. వానాకాలమంతా అవి పలాస స్టేషను షెడ్డు పక్కనే తడిసి, ఓపిక పట్టలేక మొలకలెత్తాయి. నాకేమీ కోపం లేదు. బండికెత్తి తెచ్చి తోట చివర వరసగా పాతించాను. పచ్చగా ముచ్చటగా ఉన్నాయి. అవి కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కొత్త పర్మిట్టుకి దరఖాస్తు పెట్టాలని సంఘం తీర్మానించింది కనుక, తొందరపాటు లేకుండా డిజైను ఎంచుకోడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

నిన్న పొద్దున ఆఖరి మొక్కకి నీళ్లు పోస్తూ ఉండగా గట్టు మీద చప్పుడైంది. మన్మథరావుగారి గుమాస్తా. ఆ మొక్కల కాపుకి ఇప్పుడే బేరం కుదుర్చుకు రమ్మన్నారట.